ట్రాక్టరు ఇంజను నూనె త్రాగుచున్నప్పుడు

తెలంగాణ రాష్ట్రమున 2019వ సంవత్సరములో ప్రారంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద పన్నెండు వేలకు పైగా గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీళ్ల ట్యాంకరు సమకూరినవి. వీధులలో చెత్త ఎత్తుటకును, నర్సరీలోని మొక్కలకును, రోడ్ల వెంబడి నాటిన చెట్లకును నీరు పోయుటకును ఆ ట్రాక్టరే ఆధారము. నాడు క్రొత్తవిగా వచ్చిన ఆ బండ్లు ఇప్పటికి కొన్ని వేసవులను చూచినవి. కనుక వాటి మరమ్మతుల ప్రస్తావన పంచాయతీ సమావేశములలో వచ్చుచుండుట సహజము.

అట్టి ప్రస్తావనలలో తరచుగా వినవచ్చునది ఒకటి కలదు. "బండి ఆయిలు త్రాగుచున్నది" అని డ్రైవరు చెప్పును. మేస్త్రీ వచ్చి పొగ చూచి, "బోరుకు వచ్చినది, ఇంజను దింపవలెను" అనును. ఖర్చు మంజూరు చేయవలసిన బాధ్యత సభ్యులది. సభ్యులకు ఇంజను విప్పుట తెలియనక్కర లేదు. కాని విప్పించుటకు ముందు ఏమి అడుగవలెనో తెలిసియుండుట అవసరము. నూనె తగ్గుట ఒక లక్షణము మాత్రమే. అదియే వ్యాధి కాదు. జ్వరము వచ్చిన ప్రతివానికి శస్త్రచికిత్స చేయనట్లే, నూనె తగ్గిన ప్రతి ఇంజనును విప్పవలసిన పని లేదు.

నూనె చేయు పని

ఇంజను అడుగున సంపు అను తొట్టి యుండును. నూనె అందులో నిలిచి, పంపు ద్వారా పైకెక్కి, భాగములన్నిటిని తడిపి మరల సంపులోనికే దిగును. అది రాపిడిని తగ్గించును, వేడిని తీసికొనిపోవును, మసిని కడిగి ఫిల్టరునకు చేర్చును, పిస్టనుకును సిలిండరు గోడకును నడుమ పలుచని పొరగా నిలిచి గాలి జారిపోకుండ కాపాడును.

పిస్టను చుట్టు సాధారణముగా మూడు రింగు లుండును. పైనున్న రెండును ప్రధానముగా గాలి బిగువును కాచును. క్రిందిది గోడకు అంటిన నూనెను గీచి సంపులోనికి దించును. ఎంత బాగుగా గీచినను పలుచని పొర మిగులును. అందులో కొంత మంటలో కాలిపోవును. అందుచేత ఆరోగ్యముగా నున్న ఇంజను సయితము కొద్దిపాటి నూనె తీసికొనుట తప్పు కాదు. తీసికొనవలసిన దానికంటె ఎక్కువ తీసికొనుచున్నదా యనునదే ప్రశ్న.

మొదట కొలత, తరువాత మాట

"చాల త్రాగుచున్నది" అను మాటకు లెక్క లేదు. కావున మొదట చేయవలసినది కొలత. ట్రాక్టరును చదునైన చోట నిలిపి, ఇంజను ఆపి, పది పదునైదు నిమిషములు ఆగవలెను. పైకెక్కిన నూనె సంపులోనికి దిగిన పిదప గేజి పుల్లను తీసి, గుడ్డతో తుడిచి, మరల పెట్టి తీసి చూడవలెను. పుల్లమీద రెండు గీత లుండును. పై గీత వరకు నూనె నింపి, ఆ రోజు తేదీని, మీటరులోని గంటలను పుస్తకములో వ్రాయవలెను. తరువాత పోసిన ప్రతిసారి కొలపాత్రతోనే పోసి, ఎంత పోసినదియు వ్రాయవలెను. యాబది గంటల పని అయిన పిమ్మట అదే చోట, అదే విధముగా పై గీత వరకు నింపి లెక్క కట్టవలెను.

ఒక ఉదాహరణము చూతము. యాబది గంటలలో ఒక ట్రాక్టరు 150 లీటర్ల డీజిలు వాడినదనుకొందము. ఆ కాలములో అర లీటరు నూనె పట్టినచో అది డీజిలులో నూటికి మూడవ వంతు మాత్రమే, అనగా 0.33 శాతము. దీనికి కలవరపడ నక్కర లేదు. రెండు లీటర్లు పట్టినచో 1.33 శాతము. ఇది విచారింపవలసిన సంగతి. డీజిలులో ఒక శాతమునకు మించి నూనె పోవుచున్నచో కారణము వెదకవలెననునది వర్క్‌షాపులలో చెప్పుకొను మోటు లెక్క. ఖచ్చితమైన హద్దును ఆయా ట్రాక్టరుతో వచ్చిన మాన్యువలు చెప్పును, అదియే ప్రమాణము.

ఇక్కడ ఒక మోసము కలదు. ఒక్కొక్కప్పుడు నూనె మట్టము తగ్గదు సరికదా, పెరుగును. అది సంతోషింపదగిన విషయము కాదు. పంపు నుండి గాని, నాజిల్ నుండి గాని డీజిలు కారి సంపులో కలియుచున్న దన్నమాట. పుల్లను వాసన చూచినచో డీజిలు కంపు కొట్టును; నూనె వ్రేళ్ల మధ్య నీళ్లవలె జారును. నూనె పాలు కలిపిన చాయవలె తెల్లబడినచో అందులో నీరు కలిసినదని అర్థము. ఈ రెంటిలో ఏది కనిపించినను బండిని నడుపక వెంటనే మేస్త్రీకి చూపవలెను.

నూనె పోవు దారులు రెండు

తగ్గిన నూనె ఎటు పోయినది? వెలుపలికి కారి పోవలెను, లేదా లోపల కాలి పోవలెను. చాల అరుదుగా రేడియేటరు నీటిలో కలియును. అట్లయిన రేడియేటరు మూత తీసినప్పుడు నీటిపై జిడ్డు తేలును. ఈ మూత ఇంజను బాగుగా చల్లారిన తరువాతనే తీయవలెను.

ముందుగా వెలుపలి దారిని చూడవలెను. ఏలయనగా, దానిని చూచుటకు ఖర్చు లేదు. ఇంజనును శుభ్రముగా కడిగి, తుడిచి, ఆరబెట్టి, సాయంకాలము దాని క్రింద ఒక పెద్ద అట్టముక్కను పరచి ఉంచవలెను. తెల్లవారి చుక్కలు ఎచ్చట పడినవో చూచినచో కారు చోటు చాల వరకు తెలియును. అయితే కొన్ని చోట్లు ఇంజను నడచునప్పుడే కారును గనుక, నడిచిన వెంటనే కూడ చూడవలెను. పైన టాపెట్ కవరు ప్యాకింగు, ప్రక్కన ఆయిలు ఫిల్టరు, ప్రెషరు స్విచ్చి, అడుగున సంపు ప్లగ్గు, ముందు క్రాంకు సీలు, వెనుక ఇంజనును గేరుపెట్టె కలియు చోటు వరుసగా పరీక్షింపవలెను. వెనుక సీలు పోయినచో నూనె క్లచ్చిపై పడి క్లచ్చి జారును. నూనె పైనుండి క్రిందికి ప్రాకును గనుక తడిసియున్న వానిలో అన్నిటికంటె పై చోటే అసలు చోటని గుర్తింపవలెను.

చుక్కే గదా యని త్రోసివేయరాదు. ఇరువది చుక్కలు సుమారు ఒక మిల్లీలీటరు. పది సెకనులకు ఒక చుక్క చొప్పున కారినచో గంటకు 360 చుక్కలు, అనగా 18 మిల్లీలీటర్లు. యాబది గంటలకు 900 మిల్లీలీటర్లు. ఒక ప్యాకింగు మార్చిన ఆగిపోవు ఈ నష్టమునకు ఇంజను దింపుట ఎంత వ్యర్థమో చెప్పనక్కర లేదు.

పొగ చెప్పు సంగతి

వెలుపల తడి లేనిచో నూనె లోపల కాలుచున్నదని అనుమానింపవలెను. దానికి మొదటి సాక్షి పొగ. నల్లపొగ నూనె వలన రాదు. డీజిలు ఎక్కువగుట వలన గాని, గాలి తక్కువగుట వలన గాని వచ్చును. చలి ఉదయమున స్టార్టు చేయగానే కొంచెము సేపు వచ్చు తెల్లపొగ సాధారణముగా కాలని డీజిలు ఆవిరి; ఇంజను వేడెక్కిన పిమ్మట కూడ ఆగనిచో నాజిళ్లను, హెడ్ గాస్కెట్టును చూపించవలెను. నీలి పొగయే కాలిన నూనె గుర్తు. మాడిన నూనె వాసనయు దానికి తోడుండును.

నీలి పొగ ఎప్పుడు వచ్చుచున్నదో గమనించుట మరింత ముఖ్యము. రాత్రి అంతయు నిలిచిన బండిని ఉదయము స్టార్టు చేయగానే గుప్పున వచ్చి, తరువాత ఆగినచో, వాల్వు గైడుల వెంబడి నూనె సిలిండరులోనికి జారినదని అనుమానింపవచ్చును. నిండు ట్రాలీతో మిట్ట యెక్కునప్పుడు విడువక వచ్చుచు, లోడు పెరిగిన కొలది హెచ్చినచో రింగులు, లైనరు అరిగినవేమో యని చూడవలెను. టర్బో కల ట్రాక్టరులో టర్బో సీలు పోయినను నీలి పొగ వచ్చును. అప్పుడు టర్బో నుండి ఇంజనునకు పోవు గొట్టము లోపల నూనె తడి కనిపించును. పెట్రోలు కారులో యాక్సిలరేటరు వదలి దిగుడులో పోవునప్పుడు లోపలి పీలుడు హెచ్చి, వాల్వు గైడుల వెంబడి నూనె దిగి పొగ వచ్చును. డీజిలు ట్రాక్టరులో అట్టి పీలుడు అంతగా ఉండదు. కావున కారుల మేస్త్రీ చెప్పిన గుర్తును ట్రాక్టరునకు యథాతథముగా అన్వయింపరాదు.

ఇంజను విప్పక పోగొట్టదగిన కారణములు

నీలి పొగ కనిపించినంత మాత్రమున రింగులదే దోషమని నిర్ణయింపరాదు. ఈ క్రింది అయిదు విషయములను ముందు సరిచూచుకొనవలెను.

మొదటిది, నూనె ఎక్కువ పోయుట. "నాలుగు చుక్కలు ఎక్కువైన మేలే" అని కొందరు పై గీత దాటించి పోయుదురు. అప్పుడు తిరుగు క్రాంకు ఆ నూనెను చిలికి నురుగు చేసి గోడలపైకి ఎక్కువగా చిమ్మును. రింగులు గీయలేక అది కాలిపోవును.

రెండవది, బ్రీదరు పూడుట. ఇంజను లోపలి ఆవిరి వెలుపలికి పోవు గొట్టము ఇది. మసితోను, దుమ్ముతోను ఇది మూసికొనినచో లోపల ఒత్తిడి పెరిగి, సీలుల గుండ నూనెను బయటికి త్రోయును. రింగుల ప్రక్కగా పైకిని పంపును. గొట్టమును తీసి కడిగించిన చాలును.

మూడవది, ఎయిరు క్లీనరు. చెత్త ట్రాక్టరు దినమెల్ల దుమ్ములోనే తిరుగును. క్లీనరు పూడినచో ఇంజను గాలి కొరకు బలముగా పీల్చి, గాలితోపాటు నూనెను కూడ లాగును. అడుగున నూనె గిన్నె కల క్లీనరులో గీతకు మించి నూనె పోసినచో ఆ నూనెయే గాలితో లోనికి పోయి కాలును. క్లీనరు నుండి ఇంజనునకు పోవు రబ్బరు గొట్టము చీలినను, దాని క్లిప్పు వదులైనను మరింత హాని. వడకట్టని దుమ్ము లోపలికి పోయి రింగులను, లైనరును సానరాయివలె అరగదీయును. ఆ గొట్టము లోపల తెల్లని గుడ్డతో తుడిచి చూడవలెను. గుడ్డకు మట్టి అంటినచో చీలికను మూయించక క్రొత్త రింగులు వేయించుట వలన ప్రయోజనము లేదు. క్రొత్తవియు అట్లే అరిగిపోవును.

నాలుగవది, తగని నూనె. మాన్యువలు చెప్పిన గ్రేడుకంటె పలుచనిది పోసినను, కల్తీ నూనె పోసినను ఖర్చు హెచ్చును. 15 డబ్ల్యూ 40 వంటి గుర్తులు డబ్బామీద ఉండును. వాటిని మాన్యువలుతో సరిచూచి, సీలు పగలని డబ్బాను మాత్రమే రసీదుతో కొనవలెను.

అయిదవది పంచాయతీ ట్రాక్టరునకు ప్రత్యేకముగా సంబంధించినది; అదియే ఊరక నడచుట. చెత్త సేకరించునప్పుడు బండి ఇంటింటి వద్ద నిలుచును. కార్మికులు బుట్టలు తెచ్చి పోయువరకు ఇంజను ఐడిలింగులోనే యుండును. ఇట్లు బరువు లేక గంటల తరబడి నడచిన డీజిలు ఇంజను తగినంత వేడెక్కదు. మంట బలహీనమై రింగులు గోడకు గట్టిగా ఆనవు. కొంత కాలమునకు సిలిండరు గోడ అద్దమువలె నునుపెక్కి, నూనె పొరను సరిగా గీయుటకు వీలు లేకపోవును. సైలెన్సరు అతుకుల వద్ద నల్లని తడి జిడ్డు కారుట దీని గుర్తు. గంటలు తక్కువ నడచిన బండి నూనె త్రాగుచున్నచో దీనిని తప్పక అనుమానింపవలెను. బండి నిలిచిన చోట కొన్ని నిమిషములకు మించి ఆగవలసి వచ్చినచో ఇంజను ఆపివేయుట, వారమున కొన్ని గంటలైన నిండు ట్యాంకరు లాగుట వంటి బరువు పని చేయించుట దీనికి విరుగుడు. తొలిదశలో నున్నచో దీనితోనే గుణము కనిపించును. ముదిరినచో మాత్రము గోడకు మరల గరుకు పెట్టి, రింగులు మార్చవలెను. టర్బో కల బండిని మాత్రము బరువు పని చేసిన వెంటనే ఆపక, ఒకటి రెండు నిమిషములు నిదానముగా నడిపి ఆపవలెను.

మేస్త్రీ చేయవలసిన పరీక్షలు

పై అయిదును సరిచేసి, మరల యాబది గంటలు కొలిచిన పిమ్మటను నూనె అట్లే పోవుచున్నచో, అప్పుడు మేస్త్రీ చేత పరీక్ష చేయించవలెను. ఇంజను వేడిగా నున్నప్పుడు బ్రీదరు గొట్టము వద్ద పొగ ఏ పాటి వచ్చుచున్నదో మొదట చూడవలెను. ఆవిరివలె కొంచెము వచ్చుట సహజము. బుసబుసమని ఆగక వచ్చుట రింగుల గుండ మంట గాలి సంపులోనికి జారుచున్నదనుటకు గుర్తు.

తరువాత నాజిళ్లు తీసి ప్రతి సిలిండరునకు కంప్రెషను గేజి పెట్టించవలెను. ఒక సిలిండరు మిగిలిన వాటికంటె బాగా తక్కువ చూపినచో దోషము అందున్నది. పెట్రోలు ఇంజనులలో సిలిండరులో ఒక చెంచా నూనె పోసి మరల కొలుచు పద్ధతి కలదు. బిగువు పెరిగినచో రింగుల దోషము, పెరగనిచో వాల్వుల దోషము అందురు. డీజిలు ఇంజనులో పిస్టనుపై ఖాళీ చాల చిన్నది గనుక పోసిన నూనెయే ఆ ఖాళీని తగ్గించి బిగువును పెంచును. ఆ పరీక్ష నమ్మదగినది కాదు. దానికి బదులు పిస్టనును పైకి తెచ్చి, వాల్వులు మూసియున్న స్థితిలో సిలిండరులోనికి కంప్రెసరు గాలి పంపి చెవి పెట్టుట మేలు. గాలి నూనె పోయు రంధ్రము నుండి వచ్చినచో రింగులు, సైలెన్సరు నుండి వచ్చినచో ఎగ్జాస్టు వాల్వు, ఎయిరు క్లీనరు వైపు నుండి వచ్చినచో ఇన్‌లెట్ వాల్వు, రేడియేటరులో బుడగలు లేచినచో హెడ్ గాస్కెట్టు చెడినవని తెలియును.

మరమ్మతు ఎంతవరకు?

దోషమునకు తగిన మరమ్మతే చేయించవలెను. గైడులు, వాటి సీలులు మాత్రమే అరిగినచో హెడ్డు విప్పి వాటిని మార్చిన సరిపోవును. పిస్టనులను ముట్టనక్కర లేదు. రింగుల దోషమని తేలినచో పిస్టనులను తీసి, లైనరు గుండ్రదనమును, పైన క్రింద అరుగుదలలోని తేడాను గేజితో కొలిపించవలెను. లైనరు హద్దులో నున్నచో దానికి సన్నని అడ్డగీతల గరుకు పెట్టి క్రొత్త రింగులు వేయవచ్చును. హద్దు దాటినచో లైనరు, పిస్టను కిట్టు అంతయు మార్చుట తప్పదు. అరిగిన లైనరులో క్రొత్త రింగులు వేయుట పగిలిన కుండకు క్రొత్త మూత పెట్టుట వంటిది.

మరమ్మతు అయిన తరువాత మొదటి యాబది గంటలు బండిని మితమైన బరువుతో నడుపవలెను. ఊరక నడుపరాదు, మితిమీరిన బరువును లాగింపరాదు. పిదప నూనెను, ఫిల్టరును మార్చవలెను. తీసిన పాత నూనె ప్రమాదకర వ్యర్థము. 2016 నాటి కేంద్ర నియమములు దానిని అట్లే వర్గీకరించినవి. కాలువలోగాని, బావి దగ్గరగాని పోయక డబ్బాలో భద్రపరచి అనుమతి గలవారికే అప్పగింపవలెను.

ఒక హెచ్చరిక

నూనె ఎక్కువగా లోనికి పోవు డీజిలు ఇంజను అరుదుగా తన నూనెనే ఇంధనముగా చేసికొని, ఆపినను ఆగక, వేగము పెంచుకొనుచు పోవును. ఆపు మీట డీజిలును మాత్రమే ఆపగలదు గాని నూనెను ఆపజాలదు. అట్టి సమయమున ఇంజను దగ్గర గుమికూడరాదు. సురక్షితముగా అందుబాటులో నున్నచో గాలి పీల్చు గొట్టము మూతిని చదునైన చెక్కపలకతో మూయవలెను. అరచేతితో ఎన్నడును మూయరాదు. అది సాధ్యము కానిచో అందరిని దూరముగా పంపివేయవలెను. యంత్రము పోయినను తెచ్చుకొనవచ్చును. డ్రైవరు ప్రాణము తిరిగి రాదు.

సభ్యులు అడుగవలసిన ప్రశ్నలు

ఇంజను దింపుటకు మంజూరు కోరినప్పుడు సభ్యులు ఈ ప్రశ్నలు వేయవలెను. యాబది గంటల లెక్క ఏది? అట్టముక్కపై చుక్కలు చూచితిరా? బ్రీదరు, ఎయిరు క్లీనరు, రబ్బరు గొట్టము పరీక్షించితిరా? ఏ నూనె పోయుచున్నారు? పొగ ఎప్పుడు వచ్చుచున్నది? ఏ సిలిండరు కంప్రెషను ఎంత? వారంటీ గడువు ఉన్నదా? గడువు ఉన్నచో బయటి మేస్త్రీ చేయి పెట్టకముందే డీలరుకు వ్రాతపూర్వకముగా తెలుపవలెను. మరమ్మతు జరిగినచో కొలతలు వ్రాసిన కాగితమును, తీసివేసిన పాత భాగములను పంచాయతీకి అప్పగించవలెనని ముందే షరతు పెట్టవలెను.

ఈ ప్రశ్నలు డ్రైవరును గాని, మేస్త్రీని గాని అనుమానించుటకు కావు. నిజముగా ఇంజను అరిగియున్నచో ఈ సమాధానములే మరమ్మతు అవసరమును ఋజువు చేయును. మంజూరు ఆలస్యము కాదు. లేనిచో ఒక ప్యాకింగుతోనో, కడిగిన బ్రీదరుతోనో పని తీరును. ట్రాక్టరు నిలిచిన దినమున వీధిలో చెత్త నిలుచును, నర్సరీలో మొక్క వాడును. ఒక గేజి పుల్ల, ఒక కొలపాత్ర, ఒక పుస్తకము — ఈ మూటిని డ్రైవరు చేతికి నేడే ఇచ్చి, నెలకొకసారి సమావేశములో ఆ పుస్తకమును తెరచి చూచుట ప్రతి పంచాయతీకిని సాధ్యమైన పని.